వాఫెన్ ఎస్.ఎస్. వాళ్లు మామూలు సైనికులేనా?

గోదారిగట్టు:
2023 సెప్టెంబరులో కెనడా పార్లమెంటులో 98 ఏళ్ల ఉక్రెయిన్ సంతతి పెద్దాయనకి అందరూ లేచి చప్పట్లు కొట్టారు. తీరా చూస్తే ఆయన రెండో ప్రపంచయుద్ధంలో హిట్లర్ వైపు వాఫెన్ ఎస్.ఎస్. (నాజీల ఎస్.ఎస్. సంస్థకి ఉన్న యుద్ధదళం) గలీషియా డివిజన్‌లో పనిచేసినవాడు. స్పీకర్ రాజీనామా చేయాల్సి వచ్చింది. టొరంటోలో ఉండే మా తమ్ముడితో ఆ రోజు ఫోన్‌లో మొదలైన వాదన ఇప్పటికీ తెగలేదు. "పద్దెనిమిదేళ్ల కుర్రాడు, రష్యా మీద కోపంతో చేరాడు, సిపాయి సిపాయే" అంటాడు వాడు. ఆ డివిజన్‌లో ఉన్నంత మాత్రాన కేసు పెట్టలేమని 1986లో యుద్ధనేరాల మీద కెనడా వేసిన విచారణ కమిషన్ కూడా చెప్పిందట. మీరేమంటారు?

చరిత్రప్రియ:
మీ తమ్ముడి మాట నేను ఒప్పుకోనండీ. ఎస్.ఎస్. పుట్టిందే హిట్లర్ సొంత కాపలాదళంగా. 1929లో నాజీ నాయకుడు హిమ్లర్ చేతికి వచ్చేనాటికి 300 మంది కూడా లేరు, నాలుగేళ్లలో 50 వేలు దాటారు. ఎలా ఎదిగిందో తెలియాలంటే థియోడర్ ఐకె ఒక్కడిని చూస్తే చాలు. 1933లో డాకౌ నిర్బంధ శిబిరానికి అధిపతి అయ్యాడు. ఖైదీలను ఎలా కొట్టాలో, ఎప్పుడు కాల్చాలో నియమాలు రాసిపెట్టాడు. మరుసటి ఏడాది జూన్ 30న హిట్లర్ తన పాత దళం ఎస్.ఏ. నాయకుల్ని ఏరివేయించినప్పుడు, దాని అధినేత ఎర్న్‌స్ట్ రోమ్‌ని జైలుగదిలో కాల్చడానికి వెళ్లిందీ ఈ ఐకెనే. ఆ తర్వాత మూడు వారాలకే ఎస్.ఎస్. స్వతంత్ర సంస్థ అయింది. యుద్ధం వచ్చాక అదే మనిషి శిబిరాల కాపలావాళ్లను పోగుచేసి టోటెన్‌కోఫ్ డివిజన్ కట్టాడు. 1940 మే 27న ఫ్రాన్స్‌లోని లె పారాదిలో ఆ డివిజన్ వాళ్లు, లొంగిపోయిన 97 మంది బ్రిటిష్ సైనికుల్ని పశువులకొట్టం గోడ ముందు నడిపించి మెషిన్‌గన్‌తో చంపేశారు. శిబిరంలో నేర్చుకున్నదే యుద్ధంలోనూ చేశారు. దీన్ని మామూలు సైన్యం అని ఎలా అంటాం?

శ్రీకాకుళం_శ్రీను:
మేడమ్, మీరు చెప్పింది మొదట్లో చేరిన వాళ్ల గురించి. మొత్తం మీద 9 లక్షల మందికి పైగా అందులో పనిచేశారు. 1943 నుంచి చాలామందిని ఇష్టం ఉన్నా లేకపోయినా లాక్కెళ్లారు. 1946లో నాజీ నాయకుల్ని విచారించిన నురెంబర్గ్ కోర్టు ఎస్.ఎస్.ని నేరసంస్థ అని తేల్చింది కానీ, గత్యంతరం లేకుండా చేర్చబడి నేరాలు చేయనివాళ్లను ఆ తీర్పు నుంచి మినహాయించింది.

మనవాళ్ల సంగతి కూడా చూడండి. ఉత్తరాఫ్రికాలో పట్టుబడ్డ భారతీయ సైనికులతో సుభాష్ చంద్రబోస్ జర్మనీలో ఇండియన్ లీజియన్ పెట్టారు. ఆయన 1943లో జలాంతర్గామిలో వెళ్లిపోయారు. 1944 ఆగస్టులో ఆ లీజియన్‌ని వాఫెన్ ఎస్.ఎస్. కింద పెట్టేశారు. వాళ్లని ఎవరైనా అడిగారా? వాళ్లనూ హంతకులనే అనాలా?

సీమబిడ్డ:
పెద్ద చదువరిని కాదు గానీ, ఒకటి చూసొచ్చాను, అది చెప్తాను.

ఉద్యోగం పని మీద ఫ్రాన్స్‌లోని లిమోజ్‌లో ఉన్నప్పుడు పక్కనే ఉన్న ఒరదూర్ సుర్ గ్లాన్‌కి వెళ్లాను. 1944 జూన్ 10న ఎస్.ఎస్. దాస్ రైష్ డివిజన్ వాళ్లు ఆ ఊళ్లో 640 మందికి పైగా చంపారు. మగవాళ్లను కొట్టాల్లో కాల్చారు. ఆడవాళ్లనీ పిల్లల్నీ చర్చిలో పెట్టి నిప్పంటించారు. చర్చిలోంచి ఒకే ఒక్కామె కిటికీలోంచి దూకి బతికింది. ఊరిని అలాగే వదిలేశారు. వీధిలో ట్రామ్ పట్టాలు, కాలిన ఇళ్లలో తుప్పు పట్టిన కుట్టుమెషిన్లు. చర్చిలో మంటకి కరిగి ముద్దైపోయిన గంట. దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను.

శ్రీను గారూ, మీ ప్రశ్న అక్కడికే వస్తుంది. 1953లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఈ హత్యల కేసు నడిస్తే, నిందితుల్లో 13 మంది అల్సాస్ (యుద్ధంలో జర్మనీ కలిపేసుకున్న ఫ్రాన్స్ ప్రాంతం) నుంచి బలవంతంగా చేర్చిన కుర్రాళ్లు. చేరకపోతే ఇంట్లోవాళ్లను పట్టుకుపోతారన్న భయం అల్సాస్‌లో నిజంగానే ఉండేది. కోర్టు శిక్షలు వేసింది, ఫ్రాన్స్ పార్లమెంటు వెంటనే క్షమాభిక్ష చట్టం చేసి ఆ 13 మందినీ వదిలేసింది. అల్సాస్ ఊపిరి పీల్చుకుంది. ఒరదూర్ వాళ్లు మాత్రం ఆ చట్టానికి ఓటేసినవాళ్ల పేర్లన్నీ బోర్డు మీద రాసి ఊరి ముందు పెట్టారు. బలవంతంగా చేరిన చేయైనా, ఆ రోజు నిప్పు పెట్టింది కదా అన్నది వాళ్ల బాధ.

శ్రీకాకుళం_శ్రీను:
ఆ 13 మంది కథ నాకు తెలియదండీ. బలవంతంగా చేర్చడం వేరు, చేరాక ఏం చేశాడన్నది వేరు, ఇది ఒప్పుకుంటున్నాను. లీజియన్ విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. కాగితం మీద చేతులు మారినంత మాత్రాన మనిషి మారిపోడు.

గోదారిగట్టు:
సీమబిడ్డ గారూ, ఇది తమ్ముడికి పంపాను. చదివి ఫోన్ చేశాడు. "ఆ పెద్దాయన్ని లాక్కెళ్లలేదు కదన్నయ్యా, తనే వెళ్లి చేరాడు" అన్నాడు. ఈ మాట వాడి నోట రావడం ఇదే మొదటిసారి.