ఈ వారం సమస్య: శత్రువునకు నన్నముఁ బెట్టె సైనికుండు

నిర్వాహకుడు (నల్లగొండ):
నిన్న సూర్యాపేటలో కర్నల్ సంతోష్ బాబు విగ్రహం ముందు కాసేపు నిలబడ్డాను. 2020 జూన్ 15న గల్వాన్‌లో ఆయనతో కలిపి 20 మంది ప్రాణాలిచ్చారు. తిరుగు బస్సులో మా నాన్నగారు గుర్తొచ్చారు. 1971లో ఆయన తూర్పు సరిహద్దులో సిపాయి. యుద్ధం గురించి ఎంత అడిగినా కాల్పుల మాట ఎత్తేవారు కాదు. లంగరులో, అంటే సిపాయిల వంటశాలలో, పప్పు మాడిన రాత్రి గురించి, ఆకలితో ఉన్న ఖైదీల గురించి చెప్పేవారు. ఈ పాదం అక్కడి నుంచే పుట్టింది. దీన్నే చివరి పాదంగా ఉంచి, పైన మూడు పాదాలు రాసి, నాలుగు పాదాల చిన్న పద్యమైన తేటగీతిలో పూరించండి. మామూలు సిపాయి బతుకు కనిపించాలి.

దేవరకొండ సభ్యుడు:

ఢాకలో లొంగిపోయిన మూకలందు
నాకటికి సోలి నిలిచి తా నడుగకున్న
తనదు కంచము ముందుకుఁ దరలఁ జేసి
శత్రువునకు నన్నముఁ బెట్టె సైనికుండు

నిర్వాహకుడు:
మొదటి పాదంలో ఢాక, మూక ప్రాసయతి (యతి చోట మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం) చక్కగా కుదిరింది. రెండో పాదంలో చిన్న చిక్కు. సోలినవాడు నిలవలేడు. ‘ఆకటికి డస్సి నిలిచి’ అనండి, గణం (గురులఘువుల లెక్క) చెడదు. ‘అడుగకున్న’ అన్న మాట మాత్రం తాకవద్దు. అడగని ఆకలిని గుర్తించడమే ఈ పద్యానికి ప్రాణం.

కోదాడ సభ్యుడు:
ఛందస్సు సరే. గల్వాన్ వీరుణ్ణి తలచుకుని, వెంటనే శత్రువుకు అన్నం పెట్టమనడం నాకు మింగుడుపడలేదు.

నిర్వాహకుడు:
మీ బాధ నాకు అర్థమవుతోంది. ఆయుధం పట్టినవాడు వేరు, దింపినవాడు వేరు. 1971 డిసెంబర్ 16 తర్వాత దాదాపు 93,000 మంది పాకిస్తానీలు మన చేతికి చిక్కారు. ఖైదీలకు తిండి పెట్టాలని 1949 నాటి జెనీవా ఒప్పందం చెబుతుంది. కానీ మా నాన్నగారికి ఆ ఒప్పందం సంగతే తెలియదు. ఎదుటివాడి పెదవులు ఎండిపోవడం చూశారు, అంతే.

మహబూబ్‌నగర్ సభ్యుడు (మాజీ సైనికుడు):
సంక్రాంతికి మా అమ్మ సకినాలు మూటగట్టి 56 ఏపీఓ (సైనిక తపాలా) చిరునామాకు పంపింది. నాకంటే ముందు ఎలుక రుచి చూసింది.

సకినములు నమలు నెలుకఁ జంపఁబోయి
దాని వెన్కను పిల్లలఁ దాను చూచి
మంచు గుంతలో నాకలి మంటఁ దలఁచి
శత్రువునకు నన్నముఁ బెట్టె సైనికుండు

నిర్వాహకుడు:
మూడో పాదంలో మంచుకూ మంటకూ యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలో నిర్ణీత అక్షరానికీ పొందిక) కలిపిన తీరుకు చేతులెత్తి మొక్కుతున్నాను. ‘వెన్కను’ అని కుదించే అవసరం లేదు. ‘వెనుకను’ అంటే నాలుగు లఘువుల నలగణమే అవుతుంది.

మిర్యాలగూడ సభ్యురాలు:

పరుగు పెట్టించి యెండలో బాధ పెట్టు
హవలుదారు మంచముఁ బట్టి యలసినంత
మెతుకు మెతుకుగ నూఁదుచు మెల్ల మెల్ల
శత్రువునకు నన్నముఁ బెట్టె సైనికుండు

నిర్వాహకుడు:
దోషం లేదు. యుద్ధం కనిపించకపోయినా మూడో పాదం చదివి నవ్వాను, తర్వాత గొంతు పట్టేసింది.

వనపర్తి సభ్యుడు:
పద్యం రాయడం నాకు కొత్త. ఇది మా బావగారి కథ. పొలం గట్టు దగ్గర తగవు వచ్చి, ఆయన ఇంటికీ పాలివాళ్ల (దాయాదుల) ఇంటికీ మాటల్లేవు. 1999లో బావగారు, ఆ ఇంటి పాలివాడు వేర్వేరు దళాలతో కార్గిల్ చేరారు.

గట్టు తగవున మాటాడఁ గడఁగకున్న
పాలివాఁ డదె కార్గిలు పర్వతమునఁ
జలికి వణఁకుచు నెదురైనఁ జేయి పట్టి
శత్రువునకు నన్నముఁ బెట్టె సైనికుండు

నిర్వాహకుడు:
‘పాలివాడు’ అన్న మాట పడగానే పద్యం మన ఊరిదైపోయింది. మూడో పాదంలో యతి తప్పింది. ‘చ’కు ‘చే’ చెల్లదు, అచ్చు కలవాలి. ‘జాలిఁ గొనుచు’ అని మారిస్తే సరిపోతుంది.

వనపర్తి సభ్యుడు:
అయ్యా, మన్నించండి. అది జాలి కాదు. బావగారు తన చేతి తొడుగులు తీసి ఆయనకు వేశారు, చేయి పట్టుకునే కూర్చోబెట్టారు. చేయి పోతే కథే పోతుంది.

మిర్యాలగూడ సభ్యురాలు:
అయితే చేయి ఉంచి చలిని మార్చండి: ‘జేష్ట లుడుగుచు నెదురైనఁ జేయి పట్టి’.

నిర్వాహకుడు:
అమ్మా, ఇదే సరైన సవరణ. యతి కుదిరింది, చలికి కొయ్యబారిన మనిషి కళ్లముందు నిలిచాడు. నా సవరణ వెనక్కి తీసుకుంటున్నాను.

వనపర్తి సభ్యుడు:
ఇప్పుడే బావగారికి ఫోనులో చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘అన్నం అని రాశారు గానీ, అంత ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి, బియ్యం ఉడకదు. మేమిద్దరం తిన్నది సగం ఉడికిన బియ్యమే. అయినా వాడు ఇంకొంచెం పెట్టమన్నాడు’ అన్నారు.

నిర్వాహకుడు:
ఆ ‘ఇంకొంచెం’ మరో తేటగీతిలో రావాలి. ఆదివారం దాకా గడువు పెంచుతున్నాను.