7 నెలల బాబు నన్ను చూస్తే ఏడుస్తున్నాడు, ఎలా దగ్గర చేసుకోవాలి?

టెక్కలి నాన్న:
హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాను. బాబు పుట్టినప్పుడు 20 రోజులు ఇంట్లో ఉన్నాను, మళ్లీ మొన్ననే వచ్చాను. ఆమదాలవలసలో రైలు దిగినప్పటి నుంచి వాణ్ని ఎప్పుడెత్తుకుంటానా అని ఒకటే ఆత్రం. చేతులు చాచానో లేదో, వాళ్లమ్మ భుజంలో మొహం దాచేసుకుని గుక్కపెట్టాడు. మూడు రోజులైంది, ఇదే వరస. వీడియో కాల్‌లో మాత్రం బోసినవ్వులు నవ్వేవాడు. ఇంకా 9 రోజులే సెలవు. ఏం ఆడితే నా దగ్గరికొస్తాడు?

నరసన్నపేట అంగన్‌వాడీ టీచర్:
బాబూ, నువ్వంటే ఇష్టం లేక కాదు. ఈ వయసులోనే పిల్లలకి అయినవాళ్ల మొహమేదో, కొత్త మొహమేదో తేడా తెలిసొస్తుంది. అది ఎదుగుదలే. ఫోనులో అరచెయ్యంత ఉండేవాడివి, ఇప్పుడు నిలువెత్తు మనిషివి మీదికొస్తే బెదరడా?

ముందు ఎత్తుకోవాలన్న తొందర మానెయ్. వాడు తల్లి ఒళ్లో ఉన్నప్పుడు కాస్త దూరంలో చాప మీద కూర్చుని మీ ఆవిడతో నవ్వుతూ మాట్లాడు. మీరిద్దరూ ఒకటని వాడికి కనబడాలి. చేతిలో స్టీలు గిన్నె, గరిటె పెట్టుకో. టంగ్‌మని ఒక్కసారి కొట్టి ఆగు. వాడు తలతిప్పి చూస్తాడు. మళ్లీ కొట్టు. గరిటె కోసం వాడే చెయ్యి చాచితే ఇచ్చెయ్, చెయ్యి మాత్రం పట్టుకోకు.

తర్వాత దోబూచి. తువ్వాలు వాడి మొహం మీద కాదు, నీ మొహం మీద వేసుకో. కనబడని మనిషి అక్కడే ఉన్నాడని ఇప్పుడిప్పుడే వాళ్లకి తెలుస్తుంటుంది, అందుకే ఎన్నిసార్లు తీసినా అంత సంబరం. మొహం తిప్పేసుకున్నాడంటే చాలన్నట్టు. ఆపెయ్.

సిమెంటు పని చేతులు గరుకుగా ఉంటాయి. వాడి కాళ్లకి నూనె రాసేముందు నీ చేతులకి బాగా పట్టించుకో.

విజయనగరం నుంచి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి:
టీచరుగారు చెప్పినట్టే చెయ్యి తమ్ముడూ. నేను రోజూ రాత్రి పెదాలతో ‘బుర్ర్ర్’ అని ఆటో శబ్దం చేసేవాణ్ని. అదే శబ్దం, అదే వేళ. చిన్నది నన్ను చూడకముందే ఆ శబ్దానికి కాళ్లు తపతపా కొట్టేది. నువ్వు తిరిగి వెళ్లాక ఫోనులో కూడా అదే చెయ్యొచ్చు. మచ్చిక అవగానే సరదాకి గాల్లోకి ఎగరెయ్యకు, గట్టిగా ఊపకు. పసివాళ్ల మెడ, తల తట్టుకోలేవు. పలాస జీడిపప్పు చేతికివ్వడం గట్రా కూడా వద్దు, గొంతులో అడ్డం పడుతుంది.

టెక్కలి నాన్న:
టీచరమ్మా, అన్నా, ఈ రోజు ఆరో రోజు. పొద్దున్న తువ్వాలు కప్పుకుని కూర్చున్నాను. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తీసేద్దామనుకుంటుండగా చివర కదిలింది. బోర్లా జరుగుతూ వచ్చి వాడే లాగాడు! నా మొహం చూసి ఒక్క క్షణం ఆగి కిచకిచా నవ్వాడు. మళ్లీ కప్పుకోమన్నట్టు తువ్వాలు నా మూతికే నొక్కాడు. అలా పదిసార్లైనా ఆడాం. ఇంకా ఎత్తుకోలేదు, నా బొటనవేలు పట్టుకుని కూర్చున్నాడు. రేపు మా ఆవిడ నీళ్లు పోస్తుంటే చెంబు నేను అందిస్తాను.