ఫైలు పేర్లలో ఖాళీలు, తెలుగు అక్షరాలు ఉండవచ్చా?

హరికథాభిమాని:
తాతగారి హరికథల టేపులను నాన్నగారు విండోస్ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. 640 ఫైళ్లు; "రుక్మిణీ కల్యాణం మొదటి భాగం" వంటి పేర్లు. లైనక్స్ డిస్కుకు చేర్చడానికి బాష్ స్క్రిప్టు (ఆదేశాల చిట్టా) రాస్తే "రుక్మిణీ" అనే ఫైలు లేదు, "కల్యాణం" అనే ఫైలు లేదు అని మొరాయిస్తోంది. పేర్లన్నీ ఇంగ్లీషులోకి మార్చి, ఖాళీల చోట అండర్‌స్కోర్ పెట్టమంటున్నాడు మిత్రుడు. తప్పదా?

ఇనపపెట్టె:
మార్చేయండి. అసలు పేరును ఆడియో ట్యాగులో రాసుకోండి. ఈఎక్స్‌టీ4 అనే లైనక్స్ డిస్కు అమరికలో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో "స్త్రీ" అనే ఒక్క అక్షరమే 18 బైట్లు తింటుంది. విండోస్ లెక్క బైట్లలో కాదు కాబట్టి అక్కడ ఇమిడింది ఇక్కడ ఇమడకపోవచ్చు.

చుక్కలముగ్గు:
తప్పు స్క్రిప్టుది, శిక్ష పేర్లకా? వేరియబుల్‌ను జంట కొటేషన్లలో పెట్టలేదు, అందుకే బాష్ పేరును ఖాళీల దగ్గర ముక్కలు చేసింది, అంతే. లైనక్స్ ఫైలు పేరులో చెల్లనివి రెండే: స్లాష్, శూన్య బైటు. కొత్త పంక్తి కూడా చెల్లుతుంది! అందుకే ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్ ఆదేశం ఇచ్చిన జాబితాను పంక్తులుగా విడగొట్టి వాడటం నాకు ససేమిరా నచ్చదు. ఫైళ్లను వెతికే ఫైండ్‌కు ప్రింట్0 ఇచ్చి (పేర్ల మధ్య శూన్య బైటు వస్తుంది), ఆ జాబితాను మరో ఆదేశానికి చేరవేసే ఎక్స్ఆర్గ్స్‌కు సున్నా ఆప్షన్‌తో అందించండి. పైథాన్ వస్తే పాత్‌లిబ్ అనే ఫైలు పేర్ల లైబ్రరీ ఉంది, 3.4 వెర్షన్ నుంచీ. అయినా ఇంగ్లీషులో కల్యాణానికి ఒక "ఎ"నా, రెండా?

ఇనపపెట్టె:
తెలుగులో మాత్రం కల్యాణమా, కళ్యాణమా తేలిందా? ఐత్వం సంగతి మరీ అన్యాయం. యూనికోడ్‌లో దాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వం కింద మరో గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. కంటికి ఒకటే, ఈఎక్స్‌టీ4కు మామూలుగా వేర్వేరు పేర్లు. పాత మాక్ డిస్కులు విడగొట్టి దాచేవి. ఒకే ఫోల్డరులో రెండు "వైకుంఠపాళి"లు చూసి ఒక పూట తల పట్టుకున్నాను.

చుక్కలముగ్గు:
అది ఒప్పుకుంటాను. పోల్చే ముందు రెండు పేర్లనూ పైథాన్ యూనికోడ్‌డేటాతో ఎన్ఎఫ్‌సీ అనే కలిపి రాసే రూపంలోకి తెచ్చుకోవాలి. ఒక్క వరుస కోడ్. దానికోసం 640 పేర్లకు మారువేషం అక్కర్లేదు.

హరికథాభిమాని:
కొటేషన్లు పెట్టాను. 639 చేరాయి. మిగిలిన ఒక్కదానికి "ఫైలు పేరు చాలా పొడవు" అని వచ్చింది. ఇనపపెట్టె గారూ, మీ 255 బైట్లే! నాన్నగారు అందులో ఊరు, తేదీ, మృదంగం వాయించినవారు, ఆ రోజు వాన పడిన సంగతీ రాశారు. వాన ఒక్కటి తీసేస్తే సరిపోతుందేమో లెక్కపెడుతున్నాను.