మాటకు అర్థం ఇచ్చేది ఊరా, మనిషా?

గోదారిగట్టు:
మా కోడలిది చిత్తూరు. కొత్తలో ఓసారి "గమ్మున రామ్మా" అని పిలిస్తే, అడుగుల చప్పుడైనా లేకుండా మెల్లగా వచ్చి నిలబడింది. మాకు గమ్మున అంటే త్వరగా. వాళ్లకేమో నోరు మెదపకుండా. మాట ఒకటే, అర్థాన్ని మార్చింది పెరిగిన ఊరు. నా ఓటు సమాజానికే. కాదనేవాళ్లు రండి.

తర్కప్రియ:
నేను కాదంటాను. కైంకర్యం అంటే దేవుడి సేవ. గుడి మాన్యం మింగినవాణ్ణి చూసి ఎవడో ఒకడు "బాగానే కైంకర్యం చేశాడు" అని ఉంటాడు. కొత్త అర్థం ఆ ఒక్కడి నోట పుట్టింది. ఊరు తర్వాత అందుకుంది. అంతేగానీ అందరూ రచ్చబండ దగ్గర కూర్చుని తీర్మానించలేదు కదా!

నూనెగానుగ:
వెటకారం పేలాలంటే వినేవాడికి పాత అర్థం తెలిసుండాలి కదండీ. తెలియకపోతే "పాపం, ఎంత భక్తుడో" అనుకుని పోతాడు. మీవాడు ఊరి దగ్గర అప్పు తెచ్చుకునే ఖర్చు పెట్టాడు.

తర్కప్రియ:
అప్పు సంగతి ఒప్పుకుంటా. మరి పేర్ల సంగతేమిటి? బారసాలనాడు తండ్రి బియ్యంలో ఉంగరంతో రాసేదాకా ఆ పేరుకీ ఆ బిడ్డకీ సంబంధమే లేదు. "ఈ పదం వల్ల ఈ అర్థం తెలియాలి" అన్న ఈశ్వర సంకేతమే, అంటే దేవుడి ఇచ్ఛే, పదానికి శక్తి (అర్థాన్నిచ్చే బలం) అని తర్కసంగ్రహం అనే తర్కశాస్త్ర గ్రంథంలో అన్నంభట్టు అన్నాడు. నవ్య నైయాయికులనే తర్కపండితులు ఇంకో అడుగు వేసి, ఈశ్వరుడిదే కానక్కర్లేదు, ఇచ్ఛ ఉంటే చాలన్నారు. తండ్రి ఇచ్ఛ సరిపోయినట్టేగా?

గోదారిగట్టు:
మా నాన్న రాసిన పేరు నా రేషన్ కార్డులో భద్రంగా ఉందండీ. ఊరంతా ఇప్పటికీ బుజ్జి అనే అంటారు, ఈ అరవై ఏళ్ల ముసలాణ్ణి.

నూనెగానుగ:
ఆ తర్కంలోనే వృద్ధవ్యవహారం కూడా ఉంది. పెద్దాయన "ఆవును తే" అంటాడు, ఇంకొకడు తోలుకొస్తాడు, పక్కన చూస్తున్న పిల్లాడికి మాట తెలుస్తుంది. అక్కడ ముగ్గురున్నారు, చూడండి.

తర్కప్రియ:
పిల్లాడు నేర్చుకునే దారి వేరు, అర్థం పుట్టే చోటు వేరు. రెండూ కలిపేస్తున్నారు మీరు.

గోదారిగట్టు:
అయితే ఇది తేల్చండి. మా మనవడికి నాలుగేళ్లు. నా గమ్మునా వాళ్లమ్మ గమ్మునా వింటూ పెరిగాడు. నిన్న చెల్లి నిద్రపోతుంటే నాతో "తాతా, గమ్మున రా" అన్నాడు. తొందరగా రావాలట, చప్పుడూ చేయకూడదట. ఈ అర్థం మా ఊళ్లో లేదు, చిత్తూరులోనూ లేదు. ఎవరి ఖాతాలో వేయమంటారు?