బ్రకోలీ నిజంగా అవసరమా, మన మునగాకు చాలదా?

నెల్లూరు ఇల్లాలు: మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చినప్పుడల్లా బ్రకోలీ తినమని ఒకటే పోరు. క్యాన్సర్ దరిచేరదట, లివర్ శుభ్రపడుతుందట. కాలీఫ్లవర్ కంటే ఎక్కువ పెట్టి కొంటే, మన ఎండకు రెండో రోజుకే పువ్వు పసుపు తిరుగుతోంది. ఈసారి దాని సారమంటూ క్యాప్సూల్స్ సీసా కూడా తెచ్చాడు. పెరట్లో మునగచెట్టు పెట్టుకుని ఇదంతా ఎందుకు?

కందుకూరు రైతు: అనవసరం అమ్మా. అది చలిప్రాంతపు పంట, మన వేసవికి పువ్వు కట్టదు. 100 గ్రాముల బ్రకోలీలో కాల్షియం 50 మిల్లీగ్రాములు కూడా ఉండదు, మునగాకులో 300 దాటుతుంది. సి విటమిన్‌లోనూ మునగాకు తీసిపోదు. దూరపు కొండలు నునుపు, అంతే.

ఒంగోలు ఫార్మసిస్టు: అన్నా, కాల్షియం లెక్కతో ఇది తేలదు. బ్రకోలీకి పేరొచ్చింది సల్ఫోరఫేన్ అనే పదార్థం వల్ల. 1992లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ టలాలే బృందం దాన్ని బ్రకోలీ నుంచి వేరుచేసింది. ఒంట్లో చేరిన విషపదార్థాలను విరిచి బయటికి పంపే ఎంజైములను అది పెంచుతుంది. చైనాలో బ్రకోలీ మొలకల పానీయం తాగినవారి మూత్రంలో, కలుషిత గాలితో ఒంట్లో చేరే బెంజీన్ అనే విషపదార్థపు అవశేషాలు ఎక్కువగా బయటికి పోయినట్టు 2014లో తేలింది. క్యాన్సర్ రాదనడానికి ఇది రుజువు కాదు. అలాగని కట్టుకథా కాదు.

అసలు చిక్కు వంటలో ఉంది. సల్ఫోరఫేన్ పువ్వులో తయారుగా ఉండదు. దాని ముడిపదార్థమైన గ్లూకోరఫానిన్ ఒకచోట, మైరోసినేస్ అనే ఎంజైము మరోచోట ఉంటాయి. కోసినప్పుడో నమిలినప్పుడో రెండూ కలిస్తేనే అది పుడుతుంది. మనం మెత్తగా ఉడికించి ఆ ఎంజైమును చంపేసి, పోషకాలు దిగిన నీళ్లను సింకులో పారబోస్తాం! ఎంజైము లేని క్యాప్సూల్స్‌దీ ఇదే గతి. పేగుల్లోని బ్యాక్టీరియా ఎంత మారిస్తే అంతే, అదీ ఒక్కొక్కరిలో ఒక్కోలా.

కావలి టీచరు: అయితే ఆవపెట్టి వండండి! ఆవాలలోనూ మైరోసినేస్ ఉంది, పైగా వేడికి కాస్త గట్టిది. 200 గ్రాముల ఉడికిన బ్రకోలీకి 1 గ్రాము ఆవపొడి కలిపి తిన్నవారిలో సల్ఫోరఫేన్ ఒంటబట్టడం నాలుగు రెట్లు దాటిందని బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం వారు 2018లో చూపించారు. పోపులో చిటపటలాడిన ఆవాలు ఇందుకు పనికిరావు. అరటికాయ కూరకు పెట్టినట్టే, పొయ్యి దించాక పచ్చి ఆవముద్ద కలపాలి. ముక్కలు కోసి అరగంట పైనే ఆగి వండినా మేలే. ఘాటు ముక్కుకు తగిలితే సరిగ్గా కుదిరినట్టు.

కందుకూరు రైతు: అంటే గొప్పంతా మన ఆవాలదేగా! మునగలోనూ ఆ జాతి పదార్థమే ఉందంటారు మరి?

ఒంగోలు ఫార్మసిస్టు: ఉందన్నా, గ్లూకోమోరింజిన్. కానీ మనుషులపై బ్రకోలీకి జరిగినన్ని పరీక్షలు మునగకు జరగలేదు. ఉన్నంతలో చెప్పాలంటే, రోజూ మునగాకు తినేవారు బ్రకోలీ కోసం వెంపర్లాడనక్కర్లేదు. క్యాప్సూల్స్ మాత్రం నేనైతే కొనను.

నెల్లూరు ఇల్లాలు: మావారు గుండె వాల్వు ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వాడుతున్నారు. ఆయనకు పెట్టవచ్చా?

ఒంగోలు ఫార్మసిస్టు: ముందే చెప్పాల్సిన మాటమ్మా ఇది. బ్రకోలీలో, మునగాకులో కూడా కె విటమిన్ ఎక్కువ, అది ఆ మందు పనిని తగ్గిస్తుంది. ఇప్పటిదాకా ఆయన ఎంత ఆకుకూర తింటున్నారో అంతే కొనసాగించండి, ఒక్కసారిగా పెంచవద్దు, మానవద్దు. మార్చాలనుకుంటే ముందు డాక్టరుకు చెప్పి, రక్తం ఎంత సేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించండి. వెళ్లేటప్పుడు ఆ సీసా కూడా తీసుకెళ్లండి.