అప్‌డేట్: రేడియేషన్ తర్వాత డైలేటర్ (యోని దారి ఇరుకవకుండా లోపల పెట్టే నున్నటి గొట్టం) ఎప్పుడు, ఎలా?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి రేడియేషన్ అయ్యాక కలయికలో నొప్పి ఎందుకని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను, తేలింది ఇది.

బయటి రేడియేషన్, బ్రాకీథెరపీ (లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్) కలిసి యోని గోడల్ని గట్టిపరుస్తాయి. దారి ఇరుకై పొట్టిపడుతుంది. అండాశయాలు పనిచేయడం ఆగితే తడి కూడా తగ్గుతుంది. ఇష్టం లేక కాదు, ఒళ్లే మారింది. ఇంట్లో ఆయనకి ముందు చెప్పాల్సిందీ ఇదే.

చికిత్స ముగిశాక సాధారణంగా 2–8 వారాల్లో, లోపల పుండు మానిందని డాక్టరు చూసి చెప్పాకే డైలేటర్. చిన్న సైజుతో మొదలు. నీటి ఆధారిత జెల్ పూసి 5–10 నిమిషాలు, వారానికి 2–3 సార్లు. బలవంతంగా తోస్తే కండరాలు ఇంకా బిగుస్తాయి. కొద్దిగా రక్తం మరక పర్లేదు, ఎక్కువ రక్తమైతే ఆపి చూపించుకోవాలి.

వాసెలిన్ వద్దు, లేటెక్స్ కండోమ్ పాడవుతుంది. విశాఖలో అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఫాలో-అప్‌కి వెళ్తే, తడి తగ్గినందుకు వాడే ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోన్) క్రీమ్ సంగతి కూడా అడగండి.