భాగ్యరెడ్డి వర్మ ఫ్లెక్సీ కట్టాలా? ఆ పేర్లే మాకు అభ్యంతరం

పరకాల పోరడు:
మే 22న దళిత ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ జయంతి. మా వాడలో అంబేడ్కర్ విగ్రహం పక్కన ఆయన ఫ్లెక్సీ కడదామని పెద్దలు అంటున్నారు. మా యూత్‌లో సగం మందికి ఇష్టం లేదు. 1888లో హైదరాబాద్‌లో పుట్టినప్పుడు ఆయన మాదరి భాగయ్య. ఆ పేరుకేం తక్కువ? రెడ్డి, ఆపైన ఆర్యసమాజం వాళ్లిచ్చిన వర్మ. పై కులాల దగ్గర పేరు అప్పు తెచ్చుకున్నట్టే కదా. అంబేడ్కర్ 1927లో, మనోళ్లను ముట్టనివ్వని మహద్ చెరువు నీళ్లు తాగి హక్కు చూపించారు. ఈయనేమో హరికథలు చెప్పించి తాగుడు మానండి, బలులు మానండి అన్నారు. తప్పంతా మనలోనే ఉన్నట్టు!

హన్మకొండ సార్:
తమ్మీ, మహద్‌కు పదేళ్ల ముందు, 1917లో, బెజవాడలో పంచమ మహాసభకు ఆయనే అధ్యక్షుడు. అప్పట్లో మనోళ్లను పంచములు అనేవాళ్లు. పంచములం కాదు, ఈ నేలకు మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అని సభ పేరే మార్పించారు. ఇది అప్పు తెచ్చుకోవడమా? హరికథలతో మనోళ్లను మేల్కొలపడానికి జగన్మిత్ర మండలి అనే సంఘం పెట్టింది 1906లో, పద్దెనిమిదేళ్లకు. అంటే మీ యూత్ వయసులోనే.

భూపాలపల్లి:
పేరుదేముంది అనేవాళ్లకు మా తాత పహాణీ, అంటే భూమి రికార్డు, చూపించాలి. ఊళ్లో ఎల్లయ్య, పహాణీలో ఎల్లిగాడు. తాత పోయాక విరాసత్ కోసం, అంటే భూమి వారసుల పేరు మీదికి మార్చడానికి, ఇద్దరూ ఒక్కరేనని బాపు అఫిడవిట్ రాయించాల్సి వచ్చింది. తప్పు పోకుండా సరిచూద్దామని టైపిస్టు ఆ పేరు నలుగురిలో గట్టిగా చదివాడు. ఆయనకేం దురుద్దేశం లేదు. బాపు మాత్రం తలెత్తలేదు.

పరకాల పోరడు:
బాధే అన్నా, కాదనను. కానీ పేరు మారితే గ్లాసు మారిందా? మా నాయన చిన్నప్పుడు ఊరి హోటల్‌లో మనోళ్ల గ్లాసు చూరులో చెక్కి ఉండేదట. తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. ఇప్పుడు ఆ గొడవ లేదు. కులం పోయి కాదు, కాగితం కప్పులొచ్చి.

ఆర్మూర్ అక్క:
అందరూ పేరు దగ్గరే ఆగిపోయారు. తప్పంతా మనలోనే ఉన్నట్టు అన్నావు కదా తమ్ముడూ, ఆయన మానమన్నవాటిలో జోగిని ఆచారం కూడా ఉంది. మా నిజామాబాద్ వైపు దేవత పేరు చెప్పి ఆడపిల్లను జోగినిని చేస్తే ఆమె బతుకు ఏమయ్యేదో నీకు నేను చెప్పాలా? పిల్ల మన వాడది, వాడుకునేది ఊరి దొర. దాన్ని మానిపించడమంటే దొరతో పెట్టుకోవడమే. ఆయన పోయింది 1939లో, నిషేధం చట్టం వచ్చింది 1988లో. ఇక హరికథ అంటావా, చదువు రానివాళ్ల చెవిన వేయాలంటే అంతకంటే ఏముంది అప్పుడు? కరపత్రం పంచితే ఎవరు చదవాలి?

పరకాల పోరడు:
జోగిని సంగతి నాకు తెలియదు అక్కా. రాత్రి మళ్లీ కూర్చున్నాం, ఫ్లెక్సీ కడుతున్నాం. పంచాయితీ ఇప్పుడు అక్షరాల మీదికొచ్చింది. మాదరి భాగయ్య అని పెద్దగా వేసి, రెండో పేరు కింద చిన్నగా వేద్దామని మేము. ఆయన పెట్టుకున్న పేరు తగ్గించడానికి మీరెవర్రా అని పెద్దలు. ప్రింటింగ్ షాపతను రేపు పొద్దున్న దాకా ఆగుతానన్నాడు.

భూపాలపల్లి:
ఆయన ఉంచుకున్న పేరే పెద్దగా వేయండి తమ్మీ. మా తాతకు వచ్చిన కష్టం కూడా అదే కదా, ఆయన పేరు ఇంకెవరో రాశారు.